అవ్వ మీది విశ్వాసం, దేవుని మీది విశ్వాసం



2024 నవంబరు 2వ తేదీ, మృతుల స్మరణ పండుగ. మన పల్లెల్లో దీనిని సమాధుల పండుగ అని పిలుచుకొంటాం. రెండు దినాల ముందే సమాధుల మీది కంపచెట్లు కొట్టివేసి, సున్నం పూసి, పూలదండలు సిద్ధం చేసుకొంటారు. ఆ సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించి సమాధుల మధ్యనే పూజలో పాల్గొంటారు. లింగాల మండలంలో, పార్నపల్లె దారిలోని ఒక చిన్న పల్లెలో ఆనాటి పూజ నేను చేశాను. పూజ ముగిశాక ఒక అవ్వ నా దగ్గరకు వచ్చింది.

"సామీ, మా మనవనికి రవ్వంత బుద్ధి చెప్పండి. పొద్దున్నుంచి సున్నం బకెట్లు మోసినాడు, వాళ్ళ తాత సమాధికి తానే పూసినాడు. పూజకు రమ్మంటే మాత్రం రాడు. ఆ యాపచెట్టు కింద నిలబడుకొని ఉన్నాడు చూడండి" అంది.

పిల్లవాడికి పంతొమ్మిదేండ్లు ఉంటాయి. పులివెందులలో చదువుకొంటున్నాడు. తల్లి ఇంటి పనికి కువైటు వెళ్ళి చాలా కాలమైంది. వాడిని పెంచింది అవ్వే. దగ్గరకు పిలిచి, "ఏం నాయనా, లోపలికి రాలేదేం?" అని అడిగాను. వాడు మర్యాదగానే జవాబు చెప్పాడు.

"అవ్వంటే నాకు ప్రాణం ఫాదర్. సున్నం కొట్టమంటే కొట్టినా. బండి మీద యాడికి తీసుకుపొమ్మంటే ఆడికి తీసుకుపోతా. కానీ అవ్వను గౌరవించడం, దేవుని నమ్మడం రెండూ ఒకటేనా ఫాదర్? నేను ఆరో తరగతిలో చేరేటప్పుడు మా అమ్మ ఒక మాట చెప్పింది. మనం గుడికి పోతామని బడిలో ఎవరికీ చెప్పొద్దు అని. బయట చెప్పకూడనిదాన్ని ఇంట్లో ఏంటికి నమ్మాల?"

పెద్ద గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివి పట్టం పుచ్చుకొన్నవాడిని నేను. ఆ పిల్లవాని ముందు నాకు తోచినదల్లా నాలుగవ ఆజ్ఞ. తల్లిదండ్రులను, పెద్దలను గౌరవించాలని దేవుడే చెప్పాడు గదా, అవ్వ మనసు కష్టపెట్టవద్దు అన్నాను. వాడు "సరే ఫాదర్" అన్నాడు, బండి స్టార్టు చేసుకొని వెళ్ళిపోయాడు. నేను వాడి ప్రశ్నకు జవాబు చెప్పలేదు. వాడు అడిగింది ఒకటి, నేను చెప్పింది మరొకటి. ఈ వారం ఆ ప్రశ్ననే మీ ముందు పెడుతున్నాను. ఆ కుటుంబం అనుమతితోనే, పేర్లు చెప్పకుండా రాస్తున్నాను. మీ ఇళ్ళలోనూ ఇటువంటి పిల్లలు ఉన్నారని నాకు తెలుసు.

మాట ఒకటి, అర్థాలు రెండు

మన తెలుగులో ‘విశ్వాసం’ అనే మాటను రెండు విధాలుగా వాడుతాం. తిన్న ఇంటికి విశ్వాసంగా ఉండాలంటాం. కుక్కకు ఉన్న విశ్వాసం మనిషికి లేదని దెప్పుతాం. అక్కడ విశ్వాసమంటే కృతజ్ఞత, పెట్టిన చేతిని మరచిపోకపోవడం. గుడిలో విశ్వాస సంగ్రహం చెప్పేటప్పుడు అదే మాటకు మరో అర్థం. కంటికి కనిపించని దేవుని సత్యవంతునిగా ఎంచి, మన బ్రతుకును ఆయన చేతిలో పెట్టడం.

ఆ పిల్లవానికి మొదటి విశ్వాసం నిండుగా ఉంది. రెండవదాన్ని గురించి వాడు అడుగుతున్నాడు. మనం చాలామందిమి ఈ రెండింటినీ కలిపివేస్తాం. "మన తాతముత్తాతల నుంచి వచ్చింది, నువ్వు మాత్రం మానుకొంటావా?" అంటాం. ఇది మొదటి విశ్వాసాన్ని చూపించి రెండవదాన్ని వసూలు చేయడమే. తెలివిగల బిడ్డలు ఆ తేడా కనిపెడతారు. కొందరు మన మీది మమకారంతో గుడికి వస్తారు, మనం కన్నుమూశాక మానుకొంటారు. ఇంకొందరు ఈ పిల్లవాని వలె వేపచెట్టు కింద నిలబడి ప్రశ్న వేస్తారు. ఈ రెండవవారి మీద నాకు ఎక్కువ ఆశ.

పారీఖత్తులో రాయలేనిది

అన్నదమ్ములు పంచుకొనేటప్పుడు పెద్దమనుషులు కూర్చొని పారీఖత్తు రాయిస్తారు. ఇన్ని ఎకరాల చీనీ తోట పెద్దవానికి, ఇంత అరటి తోట చిన్నవానికి, బోరు నీళ్ళు ఎవరికి ఎన్ని గంటలు, ఇంటిలో ఏ గది ఎవరికి అని వివరంగా రాస్తారు. నేను అటువంటి పంపకాలకు కొన్నిసార్లు సాక్షిగా కూర్చొన్నాను. గోడకు వ్రేలాడే అమ్మ జపమాలను ఎవరి భాగంలోనూ రాయగా నేను చూడలేదు. రాయడం మరచిపోయారని నేను అనడం లేదు. జపమాలను రాయవచ్చు, జపాన్ని రాయలేము.

ఈ చిక్కు క్రైస్తవులకు మాత్రమే ఎదురైనది కాదు. క్రీస్తునాథునికి నాలుగు వందల ఏండ్ల ముందే గ్రీకు దేశంలో సోక్రటీసు దీనిని చర్చించినట్లు ప్లేటో తన ‘మేనో’ అనే సంభాషణలో రాశాడు. మంచితనాన్ని నేర్పించగలమా అన్నది అక్కడి ప్రశ్న. ఏథెన్సు నగరాన్ని కాపాడిన మహానాయకుడు థెమిస్టోక్లీసు తన కొడుకుకు గుర్రపుస్వారీ ఎంత చక్కగా నేర్పించాడంటే, ఆ కుర్రవాడు గుర్రం మీద నిటారుగా నిలబడి ఈటె విసరగలిగేవాడట. కానీ తండ్రికున్న గొప్ప గుణాలు కొడుక్కు అబ్బాయని ఎవరూ చెప్పలేదు. స్వారీ నేర్పించిన తండ్రి తన సుగుణాన్ని ఎందుకు నేర్పించలేకపోయాడు? నేర్పించడం ఇష్టం లేకనా? ఏ తండ్రి అయినా అలా ఉంటాడా?

మనమూ మన బిడ్డలకు స్వారీ బాగానే నేర్పిస్తున్నాం. ఇంగ్లీషు మీడియం, కంప్యూటరు కోర్సు, బెంగుళూరులో ఉద్యోగం, కువైటుకు వీసా. వీటికోసం అప్పులు చేస్తాం, పొలం కుదువ పెడతాం. వాటిని నేను తప్పు పట్టను. కానీ మంచితనమే తండ్రి నుంచి కొడుకుకు దానంతట అది రాకపోతే, దేవుని మీది విశ్వాసం ఎలా వస్తుంది? పైగా తిరుసభ బోధన ప్రకారం విశ్వాసం దేవుడిచ్చే వరప్రసాదం. అది బిడ్డ తన స్వేచ్ఛతో ఇవ్వవలసిన జవాబు కూడా. ఇచ్చేవాడు దేవుడు, పుచ్చుకొనేవాడు బిడ్డ. అయితే నడుమ తల్లిదండ్రులకు మిగిలిన పని ఏమిటి?

గర్భం వంటి ఇల్లు

దీనికి పునీత తోమాసు అక్వినాసు గారి వద్ద మంచి ఆధారం దొరుకుతుంది. 13వ శతాబ్దంలో ఆయన ‘సుమ్మా తెయొలోజియె’ గ్రంథంలో ఒక ప్రశ్న చర్చించారు. క్రైస్తవులు కాని తల్లిదండ్రుల బిడ్డలకు, ఆ తల్లిదండ్రుల ఇష్టానికి విరుద్ధంగా జ్ఞానస్నానం ఇవ్వవచ్చునా? ఇవ్వకూడదు, అది సహజ న్యాయానికి విరుద్ధం అని ఆయన తేల్చి చెప్పారు. ఎందువల్లనంటే బిడ్డ మొదట తల్లి గర్భంలో ఉన్నట్లే, పుట్టిన తరువాత బుద్ధి వికసించేదాకా తల్లిదండ్రుల సంరక్షణలో, ఒక ఆధ్యాత్మిక గర్భంలో ఉన్నట్లుగా ఉంటాడు. ఆ గర్భాన్ని చీల్చే అధికారం ఎవరికీ లేదు.

ఆయన అంతటితో ఆగలేదు. బిడ్డకు స్వేచ్ఛ, వివేచన కలిగిన నాటి నుంచి అతడు తనవాడు అవుతాడనీ, అప్పుడతనిని విశ్వాసం వైపు బలవంతంతో కాక నచ్చజెప్పి నడిపించాలనీ చెప్పారు. ఆయన చెప్పింది క్రైస్తవేతరుల బిడ్డల విషయంలోనే అయినా, అందులోని న్యాయం మన ఇండ్లకు కూడా వర్తిస్తుందని నా అభిప్రాయం. గర్భం బిడ్డను పోషిస్తుంది, కానీ శాశ్వతంగా బంధించదు. పది మాసాలు నిండినా బయటకు రానివ్వకపోతే తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయమే.

పునీత మోనికమ్మ గారి కథ మీకు తెలుసు. కొడుకు అగస్టీను దారి తప్పినప్పుడు, వాడితో వాదించి బుద్ధి చెప్పమని ఆమె ఒక పీఠాధిపతిని బ్రతిమలాడింది. ఆయన ఒప్పుకోలేదు. ఇప్పుడు వాడు వినే స్థితిలో లేడు, వాడిని వాడి మానాన వదలి నీవు ప్రార్థించు అన్నారు. ఆ తల్లి ఎన్నో ఏండ్లు ఏడ్చింది, వెంట నడిచింది, ప్రార్థించింది. 387లో మిలాను నగరంలో పునీత అంబ్రోసు గారి చేతుల మీదుగా అగస్టీను జ్ఞానస్నానం పొందారు. అదే సంవత్సరం ఆమె కన్నుమూసింది. నేను ఆ సాయంత్రం చేసిన పొరపాటు ఇప్పుడు మీకు అర్థమయి ఉంటుంది. వేపచెట్టు కింద నిలబడిన పిల్లవానికి ఆజ్ఞ వినిపించాను, ఆ పీఠాధిపతి తెలివి నాకు లేకపోయింది.

దాచినది ఎవరి దగ్గర?

ఇక వాడి రెండవ ప్రశ్నకు వద్దాం. ఇది మన మేత్రాసనంలో చాలామందికి తగిలే ప్రశ్న గనుక మెల్లగా మాట్లాడుకొందాం.

1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో దానిని సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు వర్తింపజేయలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన దళితులను బి.సి. ‘సి’ వర్గంలో చేర్చి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. గుడికి వచ్చినంత మాత్రాన ఊరిలో వివక్ష పోలేదు, కూలి రేటు పెరగలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ హోదాను మతంతో ముడిపెట్టరాదని సిఫారసు చేసింది. 2022లో కేంద్ర ప్రభుత్వం జస్టిస్ బాలకృష్ణన్ గారి అధ్యక్షతన మరో కమిషన్ నియమించింది. 2023 మార్చిలో మన రాష్ట్ర శాసనసభ దళిత క్రైస్తవులకు ఈ హోదా ఇవ్వాలని తీర్మానించింది. దేవుడా, అన్నమా, ఏదో ఒకటి ఎంచుకో అని పేదవానిని అడిగే చట్టం న్యాయమైనది కాదని భారత తిరుసభ ఏటా ఆగస్టు 10న నిరసన తెలుపుతూనే ఉంది.

ఈ పరిస్థితిలో బిడ్డ చదువుకోసం ఒక తల్లి "బడిలో చెప్పొద్దు నాయనా" అంటే, ఆమె మీద రాయి వేయడానికి నా చేయి లేవదు. అబద్ధాన్ని నేను సమర్థించను, అబద్ధం అబద్ధమే. కానీ ఆ అబద్ధంలో ఆ తల్లి పాలు ఎంత, ఆమెను అంత ఇరుకులోకి నెట్టినవారి పాలు ఎంత అని దేవుడు లెక్క చూస్తాడు.

అయితే ఒక సంగతి ఆలోచించండి. జపాను దేశంలో 1614లో క్రైస్తవాన్ని నిషేధించారు. గురువులను చంపారు, వెళ్ళగొట్టారు. ప్రతి కుటుంబమూ బౌద్ధాలయంలో పేరు నమోదు చేయించుకోవలసి వచ్చింది. క్రీస్తు బొమ్మను, మరియమాత బొమ్మను కాలితో తొక్కించి పరీక్షించేవారు. రెండు వందల ఏండ్లకు పైగా అక్కడ గురువు లేడు, పూజ లేదు. 1865 మార్చి 17న నాగసాకిలో కొత్తగా కట్టిన ఊరా దేవాలయానికి కొందరు పల్లెవాసులు వచ్చారు. అక్కడున్న ఫ్రెంచి గురువు పెతిజాను గారి దగ్గరకు చేరి, మా హృదయమూ మీ హృదయమూ ఒకటేనని రహస్యంగా తెలిపారు. మరియమాత స్వరూపం ఎక్కడుందని అడిగారు. ఏడు తరాలుగా తల్లులు, తండ్రులు, ఊరి పెద్దలు బిడ్డలకు జ్ఞానస్నానం ఇచ్చి, నోటి పాఠంగా జపాలు నేర్పించారు.

వారి కాగితం మీద ఒక మతం, మనసులో మరొక మతం. అయినా విశ్వాసం నిలిచింది. మన ఇండ్లలో ఎందుకు ఆరిపోతోంది? నాకు తోచిన కారణం ఇది. వారు అధికారుల దగ్గర దాచారు గానీ బిడ్డల దగ్గర దాచలేదు. ఎందుకు దాస్తున్నామో, దాచినందుకు ఎంత బాధపడుతున్నామో బిడ్డలకు తెలుసు. బొమ్మను తొక్కి వచ్చిన రాత్రి ఇంట్లో పశ్చాత్తాప జపం చెప్పుకొనేవారని చరిత్ర చెబుతోంది. తల్లిదండ్రుల బలహీనతను బిడ్డ కళ్ళారా చూశాడు, ఆ బలహీనతకు వారు కార్చిన కన్నీటినీ చూశాడు. మన ఇండ్లలో "చెప్పొద్దు" అన్న ఒక్క మాట దగ్గర ఆపివేశాం. ఎందుకు చెప్పొద్దో చెప్పలేదు. బిడ్డ దానికి తనకు తోచిన అర్థం చెప్పుకొన్నాడు, ఇది సిగ్గుపడవలసినదేమో అని. అన్యాయమైన చట్టం చేసిన నష్టం కంటే ఆ మౌనం చేసిన నష్టం ఎక్కువ.

గురువులు లేని కాలం

జపాను దాకా పోనక్కరలేదు. మన రాయలసీమలోనే 18వ శతాబ్దపు తొలి దశకాల్లో యేసుసభ గురువులు పుంగనూరు, కృష్ణాపురం వంటి చోట్ల సువార్త నాటారు. కాషాయం కట్టి, శాకాహారం తిని, తెలుగు నేర్చి మనలో ఒకరుగా బ్రతికారు. 1773లో జగద్గురువులు 14వ క్లెమెంటు గారు యేసుసభను రద్దు చేశారు. ఉన్న కొద్దిమంది గురువులు ముసలివారయ్యారు, కొత్తవారి రాక అరుదయింది. యుద్ధాలు, కరువులు ఈ సీమను పీడించాయి. ఇక్కడి నుండి కొన్ని క్రైస్తవ కుటుంబాలు బండ్లు కట్టుకొని గుంటూరు సీమకు తరలిపోయాయి. ఫిరంగిపురం వంటి ఊళ్ళ విశ్వాసపు వేళ్ళు మన సీమలోనే ఉన్నాయి. 1870ల తరువాత మిల్‌హిల్ సభ గురువులు ఆ ప్రాంతాలకు వచ్చేసరికి తరతరాలుగా జ్ఞానస్నానపు పేర్లు పెట్టుకొన్న కుటుంబాలు వారికి ఎదురొచ్చాయి.

ఆ నడిమి కాలంలో తిరుసభ ఎక్కడుంది? ఇండ్లలో ఉంది. 1964లో రెండవ వాటికన్ మహాసభ కుటుంబాన్ని గృహ తిరుసభ అని పేర్కొన్నది. మన ముత్తవ్వలు ఆ పేరు వినకుండానే ఆ పని చేశారు. కడప మేత్రాసనం నెల్లూరు నుండి వేరుపడి ఏర్పడింది 1976లో. అంతకు ముందూ, ఆ తరువాతా మన పల్లెలకు గురువు నెలకొకసారి వస్తే గొప్ప. ఉపదేశి, ఆయన భార్య, ఇంటింటా ఒక అవ్వ, వీరే ఈ మంటను ఆరనీయకుండా కాపాడినవారు. పునీత పౌలు గారు తిమోతికి రాసిన రెండవ లేఖలో అతని అవ్వ లోయి పేరు, తల్లి యునీకె పేరు తలచుకొంటారు. లోకమంతా చుట్టివచ్చిన అపోస్తలుడు ఒక యువ గురువు విశ్వాసానికి మూలం వెదికినప్పుడు, ఆయనకు కనబడింది ఒక ముసలమ్మ.

మా ఇంటి సంగతి

ఇతరుల ఇండ్ల గురించి రాసి నా ఇంటిని దాచుకొంటే న్యాయం కాదు. మా నాయన ఉపదేశి. జమ్మలమడుగు ప్రాంతపు పల్లెల్లో సైకిల్ మీద తిరిగేవాడు. ఇంట్లో సాయంత్రం ఏడు కాగానే మోకాళ్ళ మీద జపమాల. నిద్రమత్తులో తూగితే బెత్తం. నేను గురువునయ్యాను. నా తమ్ముడు పట్నం వెళ్ళాక గుడి మానివేశాడు. వాని బిడ్డలకు పరలోక జపం రాదు. ఊరందరికీ సత్యోపదేశం చెప్పే నేను సొంత తమ్ముని బిడ్డలకు చెప్పలేకపోయాను. పండుగలకు వాని ఇంటికి పోతే, ఆ సంగతి తప్ప మిగతావన్నీ మాట్లాడుకొనేవాళ్ళం.

మా నాయన చనిపోయిన రాత్రి తమ్ముడు శవపేటిక దగ్గర కూర్చొని నాతో ఒక మాట అన్నాడు. "అన్నా, నాకు ఆ జపాలు గుర్తు లేవు, బెత్తమే గుర్తుంది. కానీ ఒకటి మరచిపోలేను. మనతో మాటలు లేని ఆ పక్క వీధి ఆయనకు జ్వరం ముదిరితే, నాయన సైకిల్ మీద వెనక కూర్చోబెట్టుకొని, పడిపోకుండా తువ్వాలుతో తన నడుముకు కట్టుకొని, జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రికి తీసుకుపోయినాడు గదా. నేను పక్కన పరుగెత్తినా. ఏంటికి నాయనా ఈయన మనల్ని తిట్టినాడు గదా అంటే, అందుకే రా అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. దేవుడు ఉంటే అందులోనే ఉంటాడు."

నాలుగు వేల సార్లు చెప్పించిన జపం వాని మనసులో నిలువలేదు, ఒక్కసారి చూసిన పని నిలిచింది. జపం వృథా అని నేను అనడం లేదు. ఆ తువ్వాలు కట్టే బలం మా నాయనకు ఆ జపంలో నుంచే వచ్చిందని నేను నమ్ముతాను. కానీ ఆయన ఆ రెండింటికీ ఉన్న సంబంధాన్ని మాకు చెప్పలేదు. జపానికి బెత్తం తోడు చేశాడు గానీ, కారణం తోడు చేయలేదు.

అవ్వ చెప్పిన జవాబు

సమాధుల పండుగ తరువాత కొన్ని వారాలకు నేను ఆ అవ్వ ఇంటికి వెళ్ళి, "అవ్వా, నీ మనవనికి నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను" అని ఒప్పుకొన్నాను. ఆమె నవ్వింది. "మీరేంటికి చెప్తారు సామీ, చెప్పాల్సింది నేనే గదా" అంది. ఆ రాత్రే మనవని పక్కన కూర్చోబెట్టుకొని, ఇరవై ఏండ్లుగా ఎవరికీ చెప్పని సంగతి చెప్పిందట.

2002 కరువులో ఈ ప్రాంతంలో చీనీ చెట్లు నిలువునా ఎండాయి. బోర్లు అడుగంటాయి, ఉన్నవారు ట్యాంకర్లతో నీళ్ళు తోలి చెట్లను బ్రతికించుకొన్నారు. తోట కూలి మీద బ్రతికే ఈ కుటుంబానికి పని పోయింది. మరుసటేడు ఆమె భర్త సరైన వైద్యం అందక చనిపోయాడు. ఆమె మరియమాత పటాన్ని గోడవైపు తిప్పివేసింది. రెండేండ్లు గుడి మెట్టు ఎక్కలేదు. ఆ రెండేండ్లూ ఉపదేశి భార్య దినమూ సాయంత్రం వచ్చి, ఒక్క మాట కూడా బోధించకుండా, విత్తనపు శనక్కాయలు వలిచిపెడుతూ పక్కన కూర్చొనేది. ఒకనాడు ఆమె రాలేదు. ఎందుకు రాలేదో కనుక్కొందామని ఈ అవ్వ బయలుదేరింది. ఆమె జ్వరంతో పడి ఉంటే కాచిన గంజి తాగించి, ఇంటికి వచ్చి పటాన్ని మళ్ళీ ముందుకు తిప్పింది.

"నువ్వు కూడా దేవునితో మాట్లాడకుండా ఉన్నావా అవ్వా?" అని మనవడు అడిగాడట. "రెండేండ్లు నాయనా" అందట. బడిలో చెప్పొద్దని వాళ్ళమ్మ ఎందుకు చెప్పిందో, ఆ మాట చెప్పిన రాత్రి వాళ్ళమ్మ ఎంత ఏడ్చిందో కూడా చెప్పింది. ఇప్పుడు కువైటులో సెలవు దొరికిన శుక్రవారాలు ఆ తల్లి అక్కడి గుడికి పోయి కొడుకు పేరు చెప్పుకొంటుందని వాడికి ఆ రాత్రే తెలిసింది.

వాడు మారుమనస్సు పొందాడని నేను మీకు చెప్పబోవడం లేదు. ఒక ఆదివారం పూజ అయ్యాక నా దగ్గరకు వచ్చి, జ్ఞానస్నానపు పుస్తకం చూడవచ్చునా అని అడిగాడు. తీసి చూపించాను. వాని పేరు, అదే వరుస పాత పుస్తకంలో వాళ్ళమ్మ పేరు చూసుకొన్నాడు. ఇప్పుడు అవ్వను బండి మీద తెచ్చి దించి, వేపచెట్టు వదలి చివరి వరుసలో కూర్చొంటున్నాడు. దివ్యసత్ప్రసాదానికి రాడు. నేను అడగను. అప్పుడప్పుడు ప్రశ్నలు అడుగుతాడు, తెలిసినంత చెబుతాను.

మనం చేయగలిగినది

వాడి మొదటి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలను. అవ్వను గౌరవించడమూ దేవుని విశ్వసించడమూ ఒకటి కావు. కానీ అవ్వ బ్రతుకంతా దేనిమీద నిలిచిందో దానిని చిన్నచూపు చూస్తూ అవ్వను మాత్రం గౌరవించడం కుదరదు. ఆమె నమ్మినవాడు నమ్మదగినవాడా కాదా అని నిజాయితీగా విచారించడమే ఆమెకిచ్చే గౌరవం. మనం గురువు పాలనలోని పల్లెలన్నిటినీ కలిపి ‘విచారణ’ అంటాం. ఆ మాటకు అడిగి తెలుసుకోవడమనే అర్థం కూడా ఉంది. ప్రశ్న వేసే బిడ్డ విచారణకు బయటివాడు కాడు, మన విచారణలోనివాడే.

తల్లిదండ్రులారా, విశ్వాసాన్ని మీరు బిడ్డకు ఇవ్వలేరు, అది దేవుని పని. మీరు దానికి సాక్ష్యం మాత్రం చెప్పగలరు. సాక్షి నిజం చెప్పాలి, గెలిచిన రోజులే కాదు, ఓడిన రోజులు కూడా. పటం ముందుకు తిప్పిన సంగతి చెప్పడానికి, గోడవైపు తిప్పిన సంగతి కూడా చెప్పాలి. చిన్నతనంలో జపం అలవాటు చేయండి, బెత్తం లేకుండా. మీరు చేసే మంచి పనికి, చెప్పే జపానికి ఉన్న సంబంధాన్ని మాటల్లో చెప్పండి. కాగితాల దగ్గర మీరు తలవంచవలసి వస్తే, ఆ బాధను బిడ్డల దగ్గర దాచవద్దు. తల్లి బలహీనతను బిడ్డ క్షమిస్తాడు. ఆమె మౌనం మాత్రం వాడికి అర్థం కాదు.

బిడ్డలారా, అవ్వలు, తాతలు ఉన్నప్పుడే వారిని అడగండి. సమాధికి సున్నం కొట్టడం మంచిదే, కానీ సమాధిలోనివారు మీ ప్రశ్నకు బదులు చెప్పలేరు.

నేను ఈ వ్యాసం ముగించి నా తమ్మునికి ఫోను చేయబోతున్నాను. ఆ రాత్రి వాడన్న మాటకు నేను ఇంతవరకు బదులు చెప్పలేదు. మీరూ ఈ ఆదివారం పూజ నుంచి ఇంటికి చేరాక, అన్నం దగ్గర కూర్చొన్నప్పుడు, దేవుని విషయమై మీ జీవితంలో జరిగిన ఒక నిజమైన సంగతి మీ బిడ్డలకు చెప్పండి. అవ్వ లోయిని, తల్లి యునీకెను వాడుకొన్న దేవుడు మీ మాటను కూడా వాడుకొనునుగాక.